ఊటీలో లేబుల్ లేని నీలగిరి తైలం కొంటున్నారా? పిల్లలున్న ఇళ్ళవాళ్ళు తప్పక చదవండి

ఊటీ వెళ్ళొచ్చేవాళ్ళు చాక్లెట్లు, టీ పొడితో పాటు నీలగిరి తైలం సీసాలు కూడా తెచ్చి చుట్టాలకు పంచుతుంటారు. ఈ సెలవుల్లో వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కూనూరు నుంచి దిగేటప్పుడు ఘాట్ రోడ్డు పక్కన ఒక కొట్లో కొన్నాం. అక్కడ తెరిచి పెట్టిన సీసాలోంచి చేతిరుమాలు మీద చుక్క వేసి ఇచ్చారు, ముక్కు దిబ్బడ ఇట్టే వదిలింది. ఇంటికొచ్చి మాకిచ్చిన సీసా సీలు తీస్తే వాసనే వేరు, కిరోసిన్ కంపు. తెల్ల కాగితం మీద చుక్క వేస్తే మర్నాటికి కూడా జిడ్డు మరక అలాగే ఉంది. అసలు తైలమైతే దాదాపు మరక లేకుండా ఎగిరిపోవాలి. మరక మిగిలిందంటే ఏదో చవక నూనె కలిసినట్టే. అలాగని మరక పడకపోతే స్వచ్ఛమైనదని నమ్మేయకండి. టర్పెంటైన్ కలిపినా ఆవిరైపోతుంది. ఇక నీళ్ళలో వేసి "తేలుతోంది చూడండి" అని చూపించడం ఎందుకూ పనికిరాదు, దాదాపు ఏ నూనైనా తేలుతుంది.

డబ్బు పోతే పోయింది. నన్ను నిజంగా భయపెట్టింది ఆ కొట్టతను చెప్పిన వాడకం. చంటిపిల్లలకు జలుబు చేస్తే ముక్కులో రెండు చుక్కలట, దగ్గుకు తేనెలో అర చెంచా కలిపి తాగించాలట! "ఆకుల్లోంచి తీసిందే కదమ్మా, ఏమీ కాదు" అన్నాడు. పక్కనే చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు శ్రద్ధగా వింటున్నారు.

ఏమీ కాదన్నది పచ్చి అబద్ధం. బోలెడు ఆకును ఆవిరి పట్టి బట్టీలో తీసిన సారం ఇది. ఇందులో ఎక్కువ భాగం సినియోల్ అనే పదార్థం. ఒక చెంచా, అంటే 5 మి.లీ., కడుపులోకి వెళ్తే పెద్దవాళ్ళకే ప్రమాదం. చిన్నపిల్లలకు రెండు మూడు మి.లీ. చాలు, మగత కమ్మేస్తుంది, ఊపిరి మందగిస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. చాలాసార్లు అరగంట లోపే మొదలవుతుంది. పీల్చినందుకే ఫిట్స్ వచ్చిన కేసుల గురించి బెంగళూరు డాక్టర్లు 2017లో ఒక వైద్య పత్రికలో రాశారు. కాబట్టి ఫిట్స్ ఉన్నవాళ్ళు దీనికి దూరంగా ఉండటమే మంచిది. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద అసలు రాయకండి, గొంతు బిగుసుకుపోయి ఊపిరాడకపోవచ్చు.

పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం, అందులో కిరోసిన్ లాంటిది కలిసి ఉంటే మరీను. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.

మాకిచ్చిన సీసా అచ్చం దగ్గు మందు సీసాలా ఉంది. గోధుమరంగు గాజు, మామూలు మూత, మీద కాగితం ముక్క కూడా లేదు. రాత్రిపూట నిద్రమత్తులో సిరప్ అనుకుని పిల్లాడికి పోస్తే? మందుల డబ్బాలో మాత్రం పెట్టకండి, పిల్లలకు అందని చోట విడిగా పెట్టండి.

నీలగిరి తైలాన్ని నేను కాదనడం లేదు. నొప్పుల బామ్‌లలో, జలుబుకు రాసుకునే మందుల్లో వాడేది దీన్నే. మెడికల్ షాపులో ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశంలో మందుల నాణ్యతా ప్రమాణం) అని ముద్ర, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉన్నది దొరుకుతుంది, అదే కొనండి. పెద్దవాళ్ళు కీళ్ళకు రాసుకోవాలన్నా నేరుగా రాయకుండా 100 మి.లీ. కొబ్బరి నూనెకు 2 మి.లీ. చొప్పున కలుపుకోండి. ఆవిరి పట్టేటప్పుడు స్టవ్ ఆర్పి, గిన్నె దించి, పక్కకు తెచ్చుకున్నాకే చుక్క వేయండి. ఈ తైలానికి మంట అంటుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా పీల్చొద్దు.

మేము కొన్నదానికి బిల్లు లేదు, సీసా మీద తయారీదారు పేరూ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దామన్నా ఎవరి మీద చేయాలి? బిల్లు ఇవ్వనంటే అక్కడ కొనకండి. ఇప్పటికే అలాంటి సీసా ఇంట్లో ఉంటే దాన్ని ఒంటికి రాయొద్దు, ఆవిరిలో వేయొద్దు, ఎవరికీ పంచొద్దు.