ఇంటిల్లిపాదీ ఓడెక్కేముందు: సింగపూర్ క్రూజ్‌లో మంచిచెడ్డలు

సింగపూర్ ప్యాకేజీ అడిగితే చాలు, దానికి మూడు నాలుగు రాత్రుల క్రూజ్ కూడా తగిలించి చెబుతున్నారు ఏజెంట్లు. అమ్మమ్మా తాతయ్యా, రెండు జంటలు, పిల్లలు కలిసి వెళ్లే ఇంటికి ఇది మంచి బేరమే. సూట్‌కేసు ఒక్కసారి విప్పితే చాలు. పూటపూటకీ హోటలు వెతుక్కునే పని లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కడ అలిసిపోయినా లిఫ్టెక్కితే మంచం అందుతుంది. కాకపోతే ఏ నెలలో వెళ్తున్నాం, ఓడ ఏ రేవుల్లో ఆగుతుంది, గది ఎక్కడొచ్చింది అన్న మూడింటి మీదే సుఖమైనా కష్టమైనా ఆధారపడి ఉంటుంది. ఆ మూడూ ఇంట్లో కూర్చుని డబ్బు కట్టిన రోజే తేలిపోతాయి. ఎక్కాక గది మార్చమంటే ఓడ నిండిపోయిందంటారు.

ముందు రేవుల సంగతి. సింగపూర్ నుంచి బయల్దేరే చిన్న ట్రిప్పుల్లో సాధారణంగా కనిపించేవి పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, ఫుకెట్. బ్రోషరులో మూడూ ఒకేలా మెరుస్తాయి. పెద్దవాళ్లతో వెళ్తే మా ఓటు పెనాంగ్‌కే. అక్కడ ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కి వచ్చి ఆనుకుంటుంది. బయటికి అడుగుపెడితే జార్జ్‌టౌన్ ఊరే. కార్న్‌వాలిస్ కోట పక్కనే, లిటిల్ ఇండియా నడక దూరం, 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఆ వీధుల్లోనే. ఓడవాళ్ల టూరు కొనక్కర్లేదు. రెండు గంటలు తిరిగి, ఇడ్లీ తిని, ఎండ ముదిరేలోపు గదికి వచ్చేయొచ్చు.

పోర్ట్ క్లాంగ్‌ని కొన్ని బ్రోషర్లలో 'కౌలాలంపూర్' అని వేస్తారు. ఓడ ఆగేది ఆ ఊళ్లో కాదు. అక్కడినుంచి నగరానికి రోడ్డు మీద గంట, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. రానూపోనూ మూడు గంటలు బస్సుకే పోతే జంట టవర్ల ముందు ఒక ఫొటో, బత్తు గుహల మెట్ల కింద ఒక ఫొటో, అంతే మిగులుతుంది. కౌలాలంపూర్ చూడాలంటే విడిగా విమానంలో వెళ్లాలి. ఈ రేవు తగిలిన రోజు ఓడలోనే ఉండిపోవడం తెలివైన పని. జనమంతా దిగిపోతారు కనుక ఈతకొలను, నీటి జారుడుబల్లలు క్యూ లేకుండా పిల్లలకు దొరుకుతాయి.

ఫుకెట్ అందమైనదే, కాని చిక్కులన్నీ అక్కడే. పటాంగ్ తీరంలో ఓడ ఒడ్డుకు రాదు. లోతు నీళ్లలో లంగరేసి చిన్న పడవల్లో దింపుతారు. ఈ పడవని టెండర్ అంటారు. ఓడ పక్కన తెరిచిన తలుపు దగ్గర ఒక చిన్న వేదిక, దాన్ని ఆనుకుని పడవ. అల వచ్చినప్పుడల్లా పడవ పైకి లేచి కిందికి జారుతుంది. ఇద్దరు సిబ్బంది మోచేతులు పట్టుకుని, పడవ వేదిక మట్టానికి లేచిన క్షణంలో 'ఇప్పుడు' అంటారు, అప్పుడు అడుగేయాలి. పదేళ్ల పిల్లలకు ఇది ఆట. మోకాలి ఆపరేషను చేయించుకున్న నానమ్మకు కాదు. వీల్‌చైరులో ఉన్నవాళ్లను అల ఎక్కువగా ఉంటే దింపరు. పైగా టోకెన్ల వరసలో గంట దాకా కూర్చోవాలి.

ఫుకెట్‌లో ఇంకో ఉచ్చు గడియారం. సింగపూర్, మలేసియా ఒకే సమయం. థాయ్‌లాండ్ వాటికంటే గంట వెనక. ఒడ్డున సిగ్నల్ అందగానే ఫోను తనంతట తానే గంట వెనక్కి తిరుగుతుంది, ఓడ మాత్రం చాలాసార్లు సింగపూర్ సమయంలోనే నడుస్తుంది. చివరి పడవ నాలుగింటికి అంటే అది ఓడ గడియారం ప్రకారం నాలుగు, అప్పుడు చేతిలో ఫోనులో మూడే అయి ఉంటుంది. ఓడ ఎవరి కోసమూ ఆగదు, తప్పిపోతే సొంత ఖర్చుతో సింగపూర్ చేరుకోవాలి. దిగేముందు ఓడ సమయమేదో అడిగి, ఒక మామూలు చేతిగడియారాన్ని దానికి పెట్టుకోవడం మేలు.

నెల సంగతీ దీంతోనే ముడిపడింది. మలక్కా జలసంధికి ఒకపక్క సుమత్రా, ఇంకోపక్క మలేసియా అడ్డం. అందుకే పెనాంగ్, పోర్ట్ క్లాంగ్ దాకా నీళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు చెరువులా ఉంటాయి. ఫుకెట్ పడమటి తీరం అండమాన్ సముద్రానికి ఎదురుగా ఉంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలికి అల లేస్తుంది. మన బడులకు వేసవి సెలవులు వచ్చేది సరిగ్గా ఆ వేళకే. కాబట్టి మే నెలలో వెళ్లేవాళ్లు మలేసియా రేవుల ఓడ చూసుకోవాలి, ఫుకెట్ కావాలంటే సంక్రాంతి సెలవులు నయం. గాలి ఎక్కువైతే కెప్టెన్ రేవు మానేసి ముందుకు పోవచ్చు. టికెట్టు షరతుల్లో ఆ హక్కు ఓడవాళ్లకు ఉంటుంది, తిరిగొచ్చేది మహా అయితే రేవు రుసుము. మన తీరంలోనూ ఇది జరిగింది. 2022 జూన్‌లో వైజాగ్ నుంచి వెళ్లిన ఓడకు పుదుచ్చేరిలో అనుమతి దొరక్క ఆ మజిలీ తప్పిపోయింది.

ఇక గది. ఓడ తక్కెడలాంటిది, కొసలు ఊగినంతగా నడుమ ఊగదు. కడుపులో తిప్పేవాళ్లకు కింది అంతస్తుల్లో నడిమి భాగం గది తీసుకోవాలి. పై అంతస్తులో ముందు వైపు బాల్కనీ గదికి డబ్బు ఎక్కువ, ఊపూ ఎక్కువే. ఓడ అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకు ఒరగడాన్ని తగ్గిస్తాయి గాని ముందువెనకల ఊపును ఆపలేవు. అవోమిన్‌లాంటి మాత్ర వాంతి మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు, గంటా రెండు గంటల ముందే పడాలి. నిద్ర తెప్పిస్తుంది. పిల్లల మోతాదు డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. గది ఎంచుకునేటప్పుడు డెక్కుల పటం తెరిచి పైనా కిందా ఏముందో చూడాలి. నెత్తిన వంటగది ఉంటే తెల్లవారుజామునుంచే బండ్లు దొర్లుతాయి. కింద నాటకశాల ఉంటే రాత్రి పదకొండు దాకా డప్పు తప్పదు.

నలుగురికి ఒకే గది అంటే ఏమిటో తెలిసి తీసుకోవాలి. వైశాల్యం సుమారు 160 నుంచి 180 చదరపు అడుగులు. కింద రెండు మంచాలు, పైకప్పులోంచో గోడలోంచో దిగే రెండు బెర్తులు, వాటికి నిచ్చెన. రైల్లో పైబెర్తు అలవాటున్నవాళ్లకు పరవాలేదు. పెద్దవాళ్లను అందులో కుక్కకండి. రాత్రి నిచ్చెన దించితే బాత్రూముకు దారి సగం మూసుకుపోతుంది. నలుగురి గది ఒకటి కాకుండా ఎదురెదురుగా రెండు చవక లోపలి గదులు తీసుకుంటే రెండు బాత్రూములు వస్తాయి. పొద్దున్నే ఆరుగురు తయారవ్వాల్సిన ఇంట్లో బాల్కనీ కన్నా రెండో బాత్రూమే విలువైనది. లోపలి గదికి కిటికీ ఉండదు, లైటు తీస్తే పగలూ రాత్రీ తెలియదు. టీవీలో ఓడ ముందు భాగం కెమెరా చానెల్ ఉంటే దాన్ని చప్పుడు లేకుండా పెట్టి పడుకుంటే తెల్లారింది తెలుస్తుంది.

బాత్రూముకు గడప ఉంటుంది, నీళ్లు బయటికి రాకుండా కట్టింది. చీకట్లో లేచిన పెద్దవాళ్ల కాలు తట్టుకునేది అక్కడే, చిన్న రాత్రి దీపం ఒకటి పట్టుకెళ్లండి. టాయిలెట్ విమానంలోలా గాలితో లాగుతుంది. పేపరు తప్ప ఇంకేం పడేసినా మూసుకుపోతుంది, ఒక్కోసారి పక్క గదులకీ ఇబ్బందే. చేతి షవరు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి, ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో వేసుకోండి. గది గోడలు చాలా ఓడల్లో ఇనుప రేకే. అయస్కాంతం కొక్కేలు నాలుగైదు తెచ్చుకుంటే తడిబట్టలు, సంచులు, టోపీలు గోడకే వేలాడతాయి, నేల ఖాళీగా ఉంటుంది. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, రైస్ కుక్కర్ తీసుకెళ్తే ఎక్కేటప్పుడు స్కానరులో పట్టుకుని తీసేసుకుంటారు, దిగే రోజు ఇస్తారు. అగ్గి భయం వాళ్లది. ఇంట్లో వండినవి చాలా ఓడల్లో రానివ్వరు. సీలు వేసిన ప్యాకెట్లయితే సాధారణంగా వదిలేస్తారు, కాబట్టి ఆవకాయ సీసా మీద ఆశ వదిలి, ప్యాకెట్లలో వచ్చే కారప్పొడి, పచ్చడి కొనుక్కోవడం మంచిది.

తిండికి కొదవ లేదు. సింగపూర్ ఓడల్లో మనవాళ్లు ఎక్కువ కనుక బఫేలో అన్నం, పప్పు, ఏదో ఒక కూర దాదాపు ఎప్పుడూ ఉంటాయి. పెరుగు మాత్రం పొద్దుటి టిఫిన్ల దగ్గరే కనబడుతుంది, పెరుగన్నం తప్పనివాళ్లు వెయిటరుకు చెప్పి మధ్యాహ్నానికి తెప్పించుకోవచ్చు. శాకాహారులు చూసుకోవాల్సింది చేప సాస్, ఆయిస్టర్ సాస్. ఉత్తి కూరగాయల వేపుడులా కనబడేదాంట్లోనూ ఉంటాయి. జైన భోజనమో, ఉల్లి వెల్లుల్లి లేనిదో కావాలంటే బుకింగులోనే రాయించాలి, ఓడెక్కాక అడిగితే మొదటి రోజుకు అందదు. బఫే గుమ్మంలో చేతికి రాసే జెల్ ఉంటుంది. ఓడల్లో పాకే వాంతులూ విరేచనాల నోరోవైరస్ ఆ జెల్‌కు సరిగా లొంగదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే.

పిల్లల గురించి రెండు మాటలు. ఆరు నెలల లోపు పసివాళ్లను ఎక్కించుకోరు. డైపర్ మానని పిల్లలను పెద్ద కొలనులో దిగనివ్వరు, ఈత డైపర్ వేసినా సరే. పిల్లల క్లబ్బుకు చాలా ఓడల్లో మూడేళ్లు నిండి, డైపరు మాని ఉండాలి. మూడేళ్ల లోపు పిల్ల ఉంటే ఎవరో ఒకరు రోజంతా కాపలా. 24 వారాలు దాటిన గర్భిణులనూ రానివ్వరు. ఎక్కగానే జరిగే అత్యవసర డ్రిల్లును విసుక్కుని ఎగ్గొట్టవద్దు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఏ మెట్ల గుండా ఎక్కడికి చేరాలో పిల్లలతో ఒకసారి నడిచి చూడండి. పిల్లల సైజు లైఫ్‌జాకెట్ ఎక్కడిస్తారో ఆ రోజే గది సిబ్బందిని అడగాలి.

డబ్బు జారేది టికెట్టు ధరలో కాదు. సిబ్బంది టిప్పు రోజువారీ లెక్కన మనిషికింతని ఓడలో మన పేరున ఉండే ఖాతాలో వేస్తారు, పిల్లలకూ పడుతుంది. మనిషికి రాత్రికి 18 అమెరికన్ డాలర్లు అనుకుంటే ఆరుగురికి మూడు రాత్రులకు 324 డాలర్లు. ఏజెంటు చెప్పిన ధరలో ఇది, రేవు పన్నులు కలిశాయో లేదో కాగితం మీద అడగండి. మంచినీళ్లు, టీ, కాఫీ బఫేలో ఉచితం, గది ఫ్రిజ్‌లోవి కాదు. ఆ ఖాతాకు ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ సొమ్ము నింపుకున్న కార్డు) ఇస్తే ముందే కొంత సొమ్ము పట్టిపెడతారు, ఓడ దిగాక అది వెనక్కి రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా సింగపూర్ షాపింగుకు కార్డు ఖాళీ. అందుకే ఓడకు క్రెడిట్ కార్డు, ఊళ్లోకి ఫారెక్స్ కార్డు.

ఫోను ఇంకా ప్రమాదం. నడిసముద్రంలో సిగ్నల్ గీతలు కనబడితే సంబరపడకండి. అది ఓడ సొంత నెట్‌వర్కు, ఉపగ్రహం మీదుగా నడుస్తుంది, మామూలు విదేశీ రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు. జేబులో ఉన్న ఫోను తనంతట తానే ఫొటోలు ఎక్కించినా బిల్లు వేలల్లో వస్తుంది. రేవు దాటేముందు అందరి ఫోన్లూ, ముఖ్యంగా తాతయ్యది, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ తర్వాత వైఫై ఒక్కటే వేసుకోండి.

కాగితాల్లో ఒక్కటి గట్టిగా చూడాలి. ఓడ సింగపూర్ వదిలి మళ్లీ సింగపూర్ వస్తుంది కనుక వీసా రెండుసార్లు ప్రవేశించేలా ఉండాలి. వీసా కాగితంలో ఆ గడి చదవకుండా రేవుకు వెళ్లకూడదు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో, మలేసియా ఆ డిసెంబరులో మనవాళ్లను వీసా లేకుండా రానిచ్చాయి గాని ఇలాంటి సడలింపులు గడువుతో వస్తాయి, బుక్ చేసిన రోజున ఒకసారి, బయల్దేరే వారంలో ఒకసారి చూడాలి. ఆన్‌లైన్‌లో నింపే రాకపత్రాలు (అరైవల్ కార్డులు) దేశానికొకటి. సింగపూర్‌ది ఉచితం, చేరే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, డబ్బడిగే సైటు నకిలీ. రేవులో దిగనని చెప్పినా ఆ దేశం షరతులు తీరకపోతే మొదటి కౌంటరు దగ్గరే ఆపేస్తారు.

విదేశం వద్దు, ముందు రుచి చూద్దాం అనుకునేవాళ్లకు మన తీరపు ఓడలున్నాయి. వానాకాలంలో అరేబియా సముద్రం ఉగ్రంగా ఉంటుంది కనుక అప్పుడు ఓడ చెన్నై వైపు వస్తూ ఉంటుంది. వైజాగ్‌లో 2023లో తెరిచిన క్రూజ్ టెర్మినల్ కూడా ఉంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఒరిజినల్ గుర్తింపు కార్డు చాలు. ఓడ పాతది, గదులు ఇరుకు, డీజే హోరెక్కువ. కాని సముద్రం మన ఇంటివాళ్ల ఒంటికి పడుతుందో లేదో రెండు రాత్రుల్లో తేలిపోతుంది.

సింగపూర్‌కి ఓడ బయల్దేరే రోజు పొద్దున దిగే విమానం పట్టుకోవద్దు, ముందురోజే చేరి ఒక రాత్రి ఉండండి. టికెట్టు మీద మరీనా బే అని ఉందా, హార్బర్‌ఫ్రంట్ అని ఉందా చూసి ట్యాక్సీ చెప్పాలి. చిన్నపిల్లలుంటే మామూలు ట్యాక్సీ ఎక్కండి. యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లలో 1.35 మీటర్ల లోపు పిల్లలకు ప్రత్యేక సీటు ఉండాలని అక్కడి చట్టం, ట్యాక్సీలకు మినహాయింపు. పెద్ద పెట్టెలు టెర్మినల్లో ఇచ్చేస్తాం, గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. మందులు, డైపర్లు, ఈతబట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. చివరి రాత్రి మళ్లీ పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. అప్పుడు తెల్లారి కట్టుకునే బట్టలు, పాస్‌పోర్టులు కూడా సర్దేసి పంపినవాళ్లు రాత్రి పైజమాలతో ఇమిగ్రేషను వరసలో నిలబడతారు. అదే రాత్రి టీవీలోనో యాప్‌లోనో బిల్లు చూసుకోండి. మనం తాగని కూల్‌డ్రింకు, కొనని ఫొటో ఉంటే అప్పుడే రిసెప్షన్‌కు వెళ్తే పది నిమిషాల్లో తీసేస్తారు. పొద్దున ఆ వరస లిఫ్టుల దాకా ఉంటుంది. తిరుగు విమానం మధ్యాహ్నం రెండు దాటాకే పెట్టుకోండి.