మల్లేశ్వరంలో మకాం: ఎనిమిదో క్రాస్ నుంచి పద్దెనిమిదో క్రాస్ దాకా

బెంగళూరు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా మెజెస్టిక్ దగ్గర లాడ్జిలోనో, ఐటీలో పనిచేసే బంధువుల ఫ్లాట్‌లోనో దిగుతారు. పని వైట్‌ఫీల్డ్‌లో ఉంటే చేసేదేం లేదు, అక్కడే ఉండాలి. ఊరు చూద్దామని వచ్చేవాళ్లు మాత్రం మల్లేశ్వరంలో దిగితే మంచిదని నా అభిప్రాయం. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందేభారత్ ఎక్కితే దిగిన చోటు నుంచి ఆటోలో కాసేపే. సామాను తక్కువైతే గ్రీన్ లైన్ మెట్రోలో మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్ స్టేషన్‌కి వచ్చేయొచ్చు. ఆటోవాళ్లతో బేరం టెన్షన్ ఎందుకనుకుంటే నమ్మ యాత్రి యాప్ ఉంది. అందులో చూపించిన రేటుకే దాదాపు అందరూ వచ్చారు.

బెంగళూరు పాత పేట ఇరుకు నుంచి జనాన్ని బయటికి తేవడానికి పందొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన లేఅవుట్ ఈ మల్లేశ్వరం. 1898లో ప్లేగు వచ్చాక ఇటు రావడం ఇంకా పెరిగింది. అడ్డవీధులు క్రాస్‌లు, నిలువు వీధులు మెయిన్‌లు. నంబర్లు దక్షిణం నుంచి ఉత్తరానికి పెరుగుతూ పోతాయి కాబట్టి మ్యాప్ లేకపోయినా తప్పిపోరు. ఇళ్ల వెనకవైపు రెండు వరుసల మధ్య సన్నటి సందులుంటాయి. పాకీదొడ్ల కాలంలో శుభ్రం చేసేవాళ్లు లోపలికి రాకుండా వెనక నుంచే వచ్చిపోవడానికి వదిలిన దారులవి. నిన్నమొన్నటిదాకా చెత్త, పాత బైకులతో నిండి ఉండేవట. ఇప్పుడు కొన్నింటికి బండలు పరిచి గోడల మీద బొమ్మలు వేశారు. ఆ బొమ్మల ముందు పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఆ దారి ఎందుకు పుట్టిందో రాసిన బోర్డు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

పాత ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే మెయిన్‌రోడ్లు వదిలి క్రాస్‌ల్లోకి తిరగాలి. ఎర్ర మంగుళూరు పెంకులు, ముందు వరండా, కిటికీ మీద కోసుగా వంగిన చెక్క చూరు. ఆ చూరునే ఇక్కడ మంకీ టాప్ అంటారు. ఒక ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. చూరు చెక్కపట్టీల్లో రెండు ఊడిపోతే వాటి స్థానంలో పీవీసీ పైపు చీల్చి బిగించి, అదే ఆకుపచ్చ రంగు వేశారు. దగ్గరికి వెళితే గాని తెలియదు. పక్కనే స్టిల్ట్ పార్కింగ్ మీద నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. దాని గేటు మీద మాత్రం పాత ఇంటి పేరే కొత్త గ్రానైట్ మీద చెక్కించారు.

పాతవి పోతున్నాయని అందరూ బాధపడతారు. నాకూ చూడ్డానికి పాతవే ఇష్టం. కానీ ఆ ఇంట్లో ఉండే డెబ్బై ఏళ్లావిడ పెంకులు మార్పించడానికి పనివాళ్ల కోసం వెతుక్కోవాలి. నలుగురు అన్నదమ్ముల వాటా తేలాలి. డెవలప్‌మెంట్‌కి ఇస్తే తలా ఒక ఫ్లాటు వస్తుంది, పైగా అదే వీధిలో ఉండొచ్చు. అందుకే ఇక్కడ ఇళ్లు మారినా మనుషులు అంతగా మారలేదనిపించింది. పొద్దున పూలబుట్టతో గుడికి వెళ్లే ఆవిడ లిఫ్టులోంచే దిగి వస్తుంది.

బస విషయానికొస్తే, పాత ఇంటి పైభాగాన్ని గదులుగా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను ముందు దిగింది మాత్రం కొత్త సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో. గది శుభ్రంగా ఉంది, వంటకు స్టవ్ ఉంది, వైఫై బాగుంది. పక్క స్థలంలో పునాది తవ్వుతున్నారన్న ముక్క మాత్రం బుకింగ్ అప్పుడు చెప్పలేదు. తెల్లారేసరికి యంత్రం మొదలు. అడిగితే, "మా చేతిలో ఏముంది సార్" అన్నాడు మేనేజరు. తర్వాత పాత ఇంటి మేడ గదికి మారాను. వేడినీళ్లకు కాసేపు ఆగాలి, మెట్లు నిటారు, రాత్రి పదికి గేటు తాళం. అయినా నిద్ర పట్టింది. ఎవరైనా బుక్ చేసే ముందు ఫోన్ చేసి, "పక్కన కన్‌స్ట్రక్షన్ ఉందా?" అని అడగండి. ఈ ఏరియాలో ఏసీ కన్నా అది ముఖ్యమైన ప్రశ్న. డబ్బు పెట్టగలిగితే విల్లా పొట్టిపాటి ఉంది. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రెడ్ల కుటుంబపు తోట ఇంటిని హెరిటేజ్ హోటల్ చేశారు. నేను బయటి నుంచే చూశాను. ఇక పడమట డాక్టర్ రాజ్‌కుమార్ రోడ్డు వైపు ఒరాయన్ మాల్, స్టార్ హోటల్, ఆకాశహర్మ్యాలు. ఇస్కాన్ గుడి కూడా అటే. సౌకర్యానికి లోటు లేదు గానీ అక్కడ ఉంటే మల్లేశ్వరంలో ఉన్నట్టు కాదు.

తిండి గురించి ఎంత చెప్పినా తక్కువే. సీటీఆర్ అనే టిఫిన్ హోటల్లో బెణ్ణె (వెన్న) మసాలా దోసె పైన కరకర, లోపల మెత్తన. తోడు చట్నీయే, సాంబారు ఉండదు. ఆదివారం పొద్దున వెళితే దోసెకన్నా క్యూయే ఎక్కువ గుర్తుంటుంది, మామూలు రోజున వెళ్లండి. పదిహేనో క్రాస్‌లోని వీణా స్టోర్స్‌లో కూర్చోడానికి చోటు లేదు, ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి తినాల్సిందే. నా ఓటు దానికే. మన కారానికి అలవాటుపడ్డ నాలుకకు చట్నీ కాస్త చప్పగా అనిపిస్తుంది, రెండో ఇడ్లీకి సర్దుకుంటుంది. ఎనిమిదో క్రాస్ బజారులో పూలు, అరటాకులు, చలికాలమైతే గుట్టలుగా అనపకాయలు. రాయలసీమవాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

కాడు మల్లేశ్వర ఆలయం పదిహేడో శతాబ్దానిది, శివాజీ సవతి తమ్ముడు వెంకోజీ కాలం నాటిదంటారు. దాని ఎదుట ఉన్న నంది తీర్థం నాకు ఇంకా నచ్చింది. మట్టిలో పూడిపోయి ఉంటే 1997లో తవ్వి బయటికి తీశారు. నంది నోట్లోంచి నీళ్లు కింద శివలింగం మీద పడి కోనేట్లోకి వెళతాయి. సీవీ రామన్ ఇల్లు పంచవటి కూడా ఈ పేటలోనే. ఆయన బాల్యం విశాఖలో గడిచింది, తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో పనిచేశారు. సాయంత్రం నడకకు 1882లో కట్టిన శాంకీ చెరువు గట్టు బాగుంటుంది.

పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు ఒక మాట. ఫుట్‌పాత్‌లు చెట్ల వేళ్లకు లేచి ఎగుడుదిగుడుగా ఉంటాయి, చాలాచోట్ల బైకులే పార్క్ చేసి ఉంటాయి. సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు వన్‌వేలు కాబట్టి ఆటో చుట్టు తిరిగి వస్తుంది. గుడి, టిఫిన్ రెండూ నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలంటే పదిహేనో క్రాస్ చుట్టుపక్కల, కింది అంతస్తు గది అడగండి.