కాశీ ప్రయాణం, వాపసు రాదన్న టికెట్లు

2024 కార్తీక పౌర్ణమికి కాశీలో ఉండాలని మా ఇంట్లో ఆగస్టులోనే అనుకున్నాం. మహబూబ్‌నగర్ నుంచి నేను, నా భార్య, అమ్మ, దేవరకొండ నుంచి మా చిన్న మేనమామ, అత్తమ్మ, మొత్తం ఐదుగురం. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒకప్పుడు మొగల్‌సరాయ్ అని పిలిచిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి కాశీకి పోవడం మా వైపు చాలామందికి అలవాటైన దారి. కానీ అమ్మ మోకాళ్లతో రైల్లో ఒక రోజుకు పైగా ప్రయాణం చేయడం కష్టమనిపించి, శంషాబాద్ నుంచి నేరుగా వారణాసికి వెళ్లే చవక విమానంలో టికెట్లు కొన్నాను. బుకింగ్ పోర్టల్‌లో రెండు రకాల ధరలు కనిపించాయి. తక్కువ ధర కింద "వాపసు లేదు" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. మనిషికి పోను రాను కలిపి దాదాపు రెండు వేల రూపాయల తేడా ఉండడంతో, ఐదుగురికీ ఆ తక్కువ ధరవే తీసుకున్నాను.

దీపావళికి రెండు రోజుల ముందు మామ ఇంటి వెనక నీళ్ల తొట్టి దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది, నల్లగొండలో ఆపరేషన్ చేశారు. ఆసుపత్రికి వెళ్లిన మాతో ఆయన అన్న మొదటి మాట, "నా పైసల సంగతి తర్వాత చూద్దువుగాని అల్లుడా, అక్కను మాత్రం కాశీకి తీసుకపో" అని. అత్తమ్మ ఆయన దగ్గరే ఉండాలి. అట్లా ఇద్దరి ప్రయాణం ఆగిపోయింది. వాళ్ల టికెట్ల మొత్తం 24,040 రూపాయలు. వెళ్లేటప్పటివి ఒక్కొక్కటి 6,148, వచ్చేటప్పటివి ఒక్కొక్కటి 5,872. ఆపరేషన్ ఖర్చుతో సతమతమవుతున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఆ రాత్రే పోర్టల్ తెరిచి "రద్దు" మీట నొక్కబోయాను. తిరిగి వచ్చే మొత్తం సున్నా అని చూపించింది. మరునాడు క్లాక్ టవర్ దగ్గర టికెట్లు చేసే ఒక అబ్బాయిని అడిగితే, అతను నా ఫోన్ తీసుకుని రెండు నిమిషాలు చూసి, "ఇప్పుడే క్యాన్సిల్ కొట్టకుండ్రి సార్, ఇంకా టైముంది. ఈ టికెట్‌ల బేస్ ఫేర్ ఇయ్యాల పోయినా, ప్రయాణం ముందటి రోజు పోయినా ఒక్కటే" అన్నాడు. బేస్ ఫేర్ అంటే పన్నులు, ఇతర రుసుములు కలపని అసలు టికెట్టు ధర. ఆ మాట నాకు ఎంతో మేలు చేసింది. రద్దు రుసుము రోజురోజుకూ పెరిగే టికెట్టయితే త్వరపడాలి. పోయేది ఎప్పుడు రద్దు చేసినా అంతే అయినప్పుడు ఆగడం వల్ల నష్టం లేదు. పైగా ఆలోపు విమాన సంస్థే సమయం మార్చినా, విమానాన్ని రద్దు చేసినా, వాపసు అడిగే హక్కు మనకు వస్తుంది. మనం ముందే రద్దు చేసుకుని ఉంటే ఆ హక్కు ఉండదు.

అతనే ఇంకో విషయం చూపించాడు. టికెట్టు ధరను విడదీసి చూపే చోట వేలితో నొక్కితే ఒక చిన్న పట్టిక తెరుచుకుంది. పై వరుసలో బేస్ ఫేర్, దాని కింద యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ఆ కింద ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు, చివర జీఎస్టీ, అన్నిటికన్నా అడుగున పోర్టల్ వాళ్ల కన్వీనియన్స్ ఫీజు ఉన్నాయి. "వాపసు లేదు" అన్న మాట వర్తించేది బేస్ ఫేర్‌కు మాత్రమే. విమానాశ్రయం పేరిట, భద్రత పేరిట వసూలు చేసే రుసుములు, ప్రభుత్వ పన్నులు ప్రయాణికుడు విమానం ఎక్కకపోతే తిరిగి ఇవ్వాల్సిందేనని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, నిబంధన పెట్టింది. 2016 ఆగస్టు నుంచి అమలైన ఆ నిబంధనల ప్రకారం ప్రత్యేక తగ్గింపు ధరకు కొన్న టికెట్టయినా, చెప్పకుండా విమానం ఎక్కకపోయినా, ఆ రుసుములు తిరిగి రావాలి. రద్దు రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ బేస్ ఫేర్, ఇంధన సర్‌చార్జి రెండూ కలిపిన మొత్తానికి మించకూడదు. మరి పోర్టల్ సున్నా ఎందుకు చూపించిందని అడిగాను. అడగనివాళ్లకు సున్నాయే చూపిస్తారని అతను చెప్పాడు. ఈ సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు సున్నాను చూసి ఊరుకుని ఉంటాయోనని నిజంగా బాధ కలిగింది.

నవంబర్ 6న మామ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉండగా సందేశం వచ్చింది. నవంబర్ 17న వారణాసి నుంచి పగలు 11:10కి బయలుదేరాల్సిన మా విమానం రాత్రి 8:35కి మారిందట. తొమ్మిది గంటలకు పైగా తేడా. డీజీసీఏ నిబంధనల్లో ఆరు గంటలు దాటిన ఆలస్యానికి వేరే విమానమో పూర్తి సొమ్మో ఇవ్వజూపాలని ఉంది. ఆ సందేశం చివర కూడా "మార్చుకోవచ్చు లేదా వాపసు తీసుకోవచ్చు" అనే ఉంది. అంటే వాపసు లేదని రాసిన టికెట్టుకే, ఇప్పుడు రూపాయి తగ్గకుండా వాపసు అడగవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఐదుగురి టికెట్లూ ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు, మీద ఉన్నాయి. ఆ సందేశంలోని లింకు నొక్కితే ఐదుగురికీ కలిపి వాపసు అంటుంది గానీ ఇద్దరికి మాత్రమే అని ఎంచుకునే వీలు లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, పీఎన్ఆర్‌ను రెండుగా విడదీయమని అడగాలి. మూడోసారి మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా ఆ పని చేసి, మామ, అత్తమ్మల పేర్ల మీద కొత్త నంబరు ఇచ్చింది. ఒకే కుటుంబమైనా పెద్దవాళ్ల టికెట్లు వేరే పీఎన్ఆర్ మీద తీసుకోవడం మంచిదని నాకు అప్పుడే అర్థమైంది. కొత్త నంబరు మీద వచ్చే ప్రయాణానికి పూర్తి వాపసు అడిగాను. వెళ్లే ప్రయాణాన్ని నవంబర్ 10 వరకు ఆపి చూశాను. ఏ మార్పూ రాకపోవడంతో రద్దు చేసి, పన్నులు, రుసుములు ఇవ్వాలని రాసి పంపాను. ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితాలు జతచేసి బేస్ ఫేర్ కూడా అడిగాను గానీ, ఆ రకం టికెట్టుకు కుదరదని జవాబిచ్చారు.

మిగిలిన ముగ్గురం 12వ తేదీ వేకువన కారులో జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరాం. ముందే చెప్పి ఉంచడం వల్ల అమ్మకు వీల్‌చైర్ సిద్ధంగా ఉంది. దానికి రుసుము లేదు. తోసుకెళ్లిన అబ్బాయి అమ్మను సీటు దాకా భద్రంగా చేర్చాడు. మా డబ్బు విషయంలో అంత తిప్పలు పెట్టిన సంస్థే అయినా, ఆ సేవ మాత్రం నిండు మనసుతో మెచ్చుకోదగినది.

బస విషయంలో నేను టికెట్ల కన్నా జాగ్రత్తగా ఉన్నాను. మాకు కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ల ఆశ్రమాల్లో ఒకదానిలో గది దొరికింది. మెట్లు ఎక్కలేని మామ కోసం గొదౌలియా దగ్గర లిఫ్ట్ ఉన్న హోటల్‌లో గది తీసుకున్నాను. అక్కడ కూడా రెండు ధరలు ఉన్నాయి. రాత్రికి నాలుగు వందలు ఎక్కువైనా మూడు రోజుల ముందు వరకు ఉచితంగా రద్దు చేసుకోగలిగే ధరనే ఎంచుకున్నాను. మామ పడిన వారంలోనే ఆ గది రద్దు చేస్తే, నాలుగో రోజుకు మొత్తం డబ్బు వచ్చేసింది. కార్తీక పౌర్ణమికి జరిగే దేవ్ దీపావళి రోజుల్లో కాశీలో గదుల ధరలు ఎంత పెరుగుతాయో చూసినవాళ్లకు ఆ నాలుగు వందల విలువ తెలుస్తుంది. ఆశ్రమంలో సౌకర్యాలు తక్కువే. వేడినీళ్లు పొద్దున్నే వెళ్లి పట్టుకోవాలి. కానీ భోజనం మన భోజనం, మాట మన మాట. వయసు మీదపడ్డ వాళ్లతో వెళ్లేవారికి ఘాట్ మెట్లు లెక్కలోకి తీసుకోవాలని మాత్రం చెప్తాను. విమానం రాత్రికి మారడం వల్ల మిగిలిన పగలు అమ్మను సారనాథ్ తీసుకెళ్లాం. ఆశ్రమం వాళ్లు సాయంత్రం దాకా గది ఉంచుకోనిచ్చారు.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలైంది. సొమ్ము పోర్టల్‌కు పంపామని విమాన సంస్థ, ఇంకా అందలేదని పోర్టల్, ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ వారం గడిపారు. టికెట్టు ఏజెంటు ద్వారా కొన్నా, పోర్టల్ ద్వారా కొన్నా, వాపసు బాధ్యత విమాన సంస్థదేనని, 30 పనిదినాల్లో అది పూర్తి కావాలని అప్పటి నిబంధన. ఆ వాక్యాన్ని ఈమెయిల్‌లో రాసి ఇద్దరికీ పంపాను. నవంబర్ 25న, సొమ్మును మీ వాలెట్‌లో జమ చేశాం, ఏడాదిలోపు మరో ప్రయాణానికి వాడుకోండి అని సందేశం వచ్చింది. మంచం మీద ఉన్న మనిషికి విమాన ప్రయాణపు వాలెట్ ఏం పనికొస్తుంది? డబ్బును వాలెట్‌లో ఉంచుకోవడమా, ఖాతాకు తీసుకోవడమా అన్నది ప్రయాణికుడి ఇష్టమని నిబంధనలో స్పష్టంగా ఉంది. దాన్నే చూపిస్తూ డిసెంబర్ 2న పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. పీఎన్ఆర్, సమయం మారిన సందేశం స్క్రీన్‌షాట్, ధరల పట్టిక, వాలెట్ సందేశం, ఈ నాలుగే జతచేశాను. ఫిర్యాదులో కోపం రాయలేదు. తేదీలు, మొత్తాలు మాత్రమే రాశాను.

డిసెంబర్ 13న డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. వచ్చే ప్రయాణానికి 11,744 రూపాయలు పూర్తిగా వచ్చాయి. వెళ్లే ప్రయాణానికి రావాల్సిన రుసుములు 1,882. అందులో పోర్టల్ తన సేవా రుసుము కింద మనిషికి 300 చొప్పున కోసుకుని 1,282 ఇచ్చింది. ఆ రుసుముకు టికెట్టు కొనేటప్పుడే నేను ఒప్పుకున్నానని వాళ్లు చూపించారు, అది నిజమే. మొత్తం 13,026 వచ్చాయి, 11,014 పోయాయి. ఎయిర్‌సేవాలో కూడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామని, దాని తర్వాత మహబూబ్‌నగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని అనుకున్నాను. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. ఆ అవసరం రాలేదు.

ఇప్పుడైతే నేను విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే టికెట్టు కొంటాను. పోర్టల్ కోత ఉండదు. ప్రయాణానికి వారానికి మించి సమయం ఉన్నప్పుడు కొంటే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే వీలు కూడా అప్పటి నిబంధనల్లో ఉండేది. నేను ఆగస్టులో దాన్ని వాడుకుని ఉంటే, ఆ రాత్రే తీరిగ్గా ఆలోచించి మంచి రకం టికెట్టుకు మారి ఉండేవాణ్ని. పెద్దవాళ్ల టికెట్ల మీద ఆ రెండు వేలు ఆదా చేయాలనుకోవడం నా తప్పు. రైలుతో పోలిస్తే తేడా ఇంకా తెలుస్తుంది. థర్డ్ ఏసీ ఖాయమైన టికెట్టును 48 గంటల ముందు రద్దు చేస్తే అప్పటికి మనిషికి 180 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే పోయేవి.

సంక్రాంతికి దేవరకొండ వెళ్లి, మూత సీలు వేసిన గంగ చెంబు, కాశీ దారాలు, ఈ లెక్క రాసిన కాగితం మామ చేతిలో పెట్టాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, పోయిన పదకొండు వేల గురించి ఏమీ అనకుండా, రైల్లో కింది బెర్తులు ఎన్ని రోజుల ముందు దొరుకుతాయని అడిగారు. ఇప్పుడు అరవై రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తున్నారు. 2025 కార్తీక పౌర్ణమి నవంబర్ 5న కాబట్టి, సెప్టెంబర్ మొదటి వారంలో పొద్దున ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు కూర్చోవాలని గోడ క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాను.