కుక్కకు ఫ్లీలు పడితే వేపాకా, చుక్కల మందా, మాత్రా: ఏది మేలు?

మందుల దుకాణానికి వెళ్లి ‘కుక్కకు పురుగులు పడ్డాయి, ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే తరచుగా చేతికి వచ్చేది పిడుదుల మందు. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో మొదటి ఏడాది జరిగింది అదే. పిడుదు, అంటే మన వైపు చాలామంది గోమారి అనేది, చర్మానికి కరుచుకుని కదలకుండా ఉంటుంది. వేలితో తడిమితే గింజలా తగులుతుంది. ఫ్లీ అలా ఉండదు. నువ్వుగింజ కన్నా చిన్నగా, ముదురు గోధుమరంగులో, రెండు పక్కల నుంచీ అదిమినట్టు పలచగా ఉండి వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది, పట్టుకోబోతే గెంతుతుంది. అందుకే దీన్ని కొందరు ఎగిరే పురుగు అంటారు, కానీ దీనికి రెక్కలు లేవు. రెండింటికీ తేడా తెలుసుకోవడం పేరు కోసం కాదు. పిడుదుల కోసం నీళ్లలో కలిపి ఒళ్లంతా పూసే అమిట్రాజ్ మందు ఫ్లీల మీద అంతగా పనిచేయదు; అది తెలియక నెల రోజుల పాటు మా కుక్క ‘చుక్క’ను వారం వారం ఆ ఘాటు వాసనలో తడిపాము, దాని గోకుడు మాత్రం తగ్గలేదు.

ఫ్లీ కంటబడకపోయినా దాని ఆనవాలు పట్టుకోవచ్చు. పాత తెల్ల పంచె ముక్కను తడిపి పరిచి, దాని మీద కుక్కను నిలబెట్టి, తోక మొదట్లోనూ తొడల వెనకా పేల దువ్వెనతో దువ్వితే మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులు రాలుతాయి. అది మట్టి అయితే నల్లగానే ఉండిపోతుంది. ఫ్లీల మలమైతే నిమిషంలోపే ఒక్కో నలుసు చుట్టూ ఇటుక రంగు మరక పాకుతుంది, ఎందుకంటే అది అరిగిన నెత్తురే. చుక్క దగ్గర మొదటిసారి ఇలా చూసినప్పుడు అరచేతి వెడల్పు గుడ్డ మీద ఇరవైకి పైగా మరకలు లెక్కపెట్టాను.

ఏ మందు మేలో తేల్చేముందు ఈ పురుగు ఎక్కడ బతుకుతుందో చూడాలి, లేకపోతే పోలిక అంతా దారి తప్పుతుంది. ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 గుడ్ల దాకా పెట్టగలదు. ఆ గుడ్లకు జిగురు ఉండదు కనుక కుక్క ఒళ్లు దులుపుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటి నుంచి వచ్చిన లార్వాలు వెలుతురుకు వెరచి గోనెపట్టల కిందికీ, బండల సందుల్లోకీ, మెట్ల కింది చీకటిలోకీ పాకి, అక్కడ రాలిన పెద్ద ఫ్లీల మలాన్నే తిని పెరిగి, చివరికి పట్టుపురుగులా గూడు అల్లుకుంటాయి. ఆ గూటికి దుమ్ము అంటుకోవడం వల్ల అది కంటికి కనబడదు, మందు లోపలికి చేరదు. లోపలి పురుగు నెలల తరబడి ఆగి, కుక్క నడిచిన అదురో ఒంటి వేడో ఊపిరో తగిలినప్పుడు బయటికి దూకుతుంది. వెచ్చదనమూ తేమా కుదిరితే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా రెండు మూడు వారాలు చాలు. ఒక ఇంట్లోని ఫ్లీల మొత్తంలో కుక్క ఒంటి మీద ఉండే పెద్దవి 5 శాతమేననీ, మిగిలిన 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లుగా నేల మీదే ఉంటాయనీ పశువైద్యులు చెప్పే లెక్క. కుక్క మీద మాత్రమే పనిచేసే ఏ చిట్కాకైనా, ఏ మందుకైనా ఇక్కడే పరీక్ష మొదలవుతుంది.

ముందుగా వేప సంగతి. మా పక్కింటి పెద్దమ్మ ‘నాలుగు రెమ్మలు ఉడకబెట్టి పోయమ్మా, మా కాలంలో కుక్కలకు మాత్రలు ఎవరు మింగించారు?’ అని ఇప్పటికీ అంటుంది. ఆవిడ మాటలో కొంత నిజం ఉంది. వేపలోని అజాడిరక్టిన్ పురుగుల తిండినీ ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది, ఆ వాసనకు కొన్ని పురుగులు దూరం జరుగుతాయి. అయితే ఇంట్లో కాచిన కషాయంలో అది ఎంత ఉందో కొలిచే దారి లేదు, ఉన్నది కూడా వెంట్రుకల మీద రెండు మూడు రోజులు నిలవదు, పైగా అప్పటికే రక్తం తాగుతున్న పెద్ద ఫ్లీని అది వెంటనే చంపదు. చల్లారిన వేపాకు నీళ్లను స్నానం చివర పోయడంలో తప్పు లేదు. వేపనూనె విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: నీరు కలపని నూనె చర్మాన్ని మండిస్తుంది, కుక్క దాన్ని నాకితే చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది. చూడి కుక్కలకూ చిన్న కుక్కపిల్లలకూ నూనె జోలికి పోకపోవడమే మంచిది. నా అంచనాలో వేప తోడుగా ఉండదగినదే గానీ, దాని మీదే భారం వేసి కూర్చోదగినది కాదు.

వేపతో పాటు ఒకే గంపలో వేసి చెప్పే మిగతా ఇంటి చిట్కాలు అంత అమాయకమైనవి కావు. హారతి పళ్లెంలో ఉండేది కదా అని కర్పూరాన్ని కొబ్బరినూనెలో కరిగించి చుక్క వీపుకు పూసిన తెలివి నాదే. గంట తిరక్కముందే అది చొంగ కారుస్తూ వెనక కాళ్ల మీద నిలవలేక వణికింది. సబ్బుతో కడిగి, ఆటోలో వేసుకుని పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాక గానీ నాకు అర్థం కాలేదు, కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి దిగి కుక్కలకు మూర్ఛ దాకా తెప్పించగలదని. కలరా ఉండలు ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. అన్నంలో కలిపి పెట్టే వెల్లుల్లి మోతాదు మించితే చేసే హాని కూడా అదే. పొగాకు నానబెట్టిన నీళ్లలో ఉండేది నికోటిన్ విషం. కిరోసిన్, ఫినాయిల్ చర్మాన్ని కాలుస్తాయి, నాకితే లోపలా కాలుస్తాయి. టీ ట్రీ నూనె సీసా మీద ‘సహజం’ అని ఎంత పెద్దగా రాసి ఉన్నా కుక్కల పాలిట అది విషమే. పశువుల కొట్టంలో వాడే డెల్టామెత్రిన్ ద్రవాన్ని సీసా మూతతో ఉజ్జాయింపుగా కొలిచి కుక్కకు పూయడం కూడా ఈ కోవలోదే. ఇంట్లో పిల్లి ఉంటే పేరు చివర ‘మెత్రిన్’ అని ఉన్న మందులను తేవడానికే ఆలోచించాలి, ఎందుకంటే ఆ జాతి మందులను విరగగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ; పెర్మెత్రిన్ పూసిన కుక్క పక్కన పడుకుని దాని ఒళ్లు నాకిన పిల్లికి ప్రాణం మీదికి వస్తుంది.

షాంపూల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏ షాంపూ అయినా ఆ పూట ఒంటి మీదున్న ఫ్లీలలో కొన్నింటిని ముంచి చంపుతుంది, సాయంత్రానికి నేల మీదివి మళ్లీ ఎక్కుతాయి.

అసలు పోటీ మెడ మీద వేసే చుక్కల మందుకూ, నోటి మాత్రకూ మధ్య ఉంది. దుకాణాల్లో స్పాట్ ఆన్ అనే చుక్కల మందులలో ఎక్కువగా దొరికేది ఫిప్రోనిల్. ఫ్రంట్‌లైన్ ప్లస్ వంటి వాటిలో దానికి ఎస్-మెథోప్రీన్ కూడా తోడై ఉంటుంది. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, గుడ్లనూ లార్వాలనూ ఎదగనివ్వకుండా ఆపేది అదే. మందు నెత్తురులో కలవడం మీద ఆధారపడకుండా చర్మపు నూనెతో పాటు ఒళ్లంతా పాకి, నూనె గ్రంథుల్లో నిలవ ఉండి, సుమారు నెల పాటు కొద్దికొద్దిగా ఊరుతుంది. అందువల్లనే వేయడానికి రెండు రోజుల ముందూ, వేసిన తరువాత రెండు రోజులూ స్నానం చేయించకూడదు. వారానికి రెండుసార్లు కుక్కకు నీళ్లు పోసే ఇంట్లో ఈ మందు పూర్తి కాలం పనిచేయకపోవడానికి కారణం మందు నాసిరకం కావడం కాదు, మన శుభ్రతే. భుజాల మధ్య వెంట్రుకలను పాయ తీసి చర్మం కనబడేలా చేసి అక్కడే పిండాలి. వెంట్రుకల మీద పిండితే అది వెంట్రుకలకే అంటుకుని ఊరుకుంటుంది. ఆరే దాకా పిల్లలను కుక్కను హత్తుకోనివ్వకూడదు. కుందేళ్లకు ఫిప్రోనిల్ ప్రాణాంతకం, చేపలకూ విషం. కనుక కుక్క, కుందేలు కలిసి తిరిగే ఇంటికి ఈ మందు పనికిరాదు.

మాత్రలు వేరే దారిలో పనిచేస్తాయి. నెక్స్‌గార్డ్‌లో ఉండే అఫోక్సోలనర్ నెల పాటు, బ్రావెక్టోలో ఉండే ఫ్లూరలనర్ 12 వారాల పాటు నెత్తురులో నిలిచి, కుక్కను కుట్టిన ఫ్లీని కొన్ని గంటల్లోనే చంపుతాయి. స్నానంతో పనిలేదు, చేతులకు అంటదు, పిల్లి నాకుతుందన్న భయం లేదు, పిడుదులు కూడా పోతాయి. ఫ్లీ కుట్టాకే చస్తుంది కనుక ఫ్లీ కాటు పడని కుక్కకు మొదటి రోజుల్లో దురద కొంత ఉంటుంది. అది పెద్ద లోపం కాదు. పెద్ద లోపం మరొకటి. ఈ జాతి మందుల వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, మూర్ఛ కనిపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 సెప్టెంబరులో హెచ్చరిక ఇచ్చింది. అత్యధిక కుక్కలకు ఇవి సురక్షితమేనని కూడా అదే సంస్థ చెప్పింది గానీ, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కకు మాత్ర ఇచ్చేముందు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. ఖరీదు కూడా ఆలోచించవలసినదే. ఇంట్లో మూడు కుక్కలున్నవారికి మాత్రల లెక్క త్వరగా బరువెక్కుతుంది.

మందు ఏదైనా బరువును బట్టి కొనాలి. 22 కిలోల కుక్కకు ‘చిన్నదే కదా’ అని 10 కిలోల లోపు ప్యాకెట్ వేసినా, పెద్ద ప్యాకెట్ కొని ఇద్దరు పొరుగువారు సగం సగం పంచుకున్నా మోతాదు తప్పుతుంది. ఊళ్లో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతిలో కుక్కను కళ్లతో తూచి మందు కొనవలసిన గతి ఎవరికీ లేదు.

మెడ పట్టీలలో ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ కలిసినవి ఫ్లీల మీద 8 నెలల దాకా పనిచేస్తాయి, నెల లెక్కన చూస్తే చవక కూడా. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి, మిగిలిన కొసను కత్తిరించి పారేయాలి. కానీ మెడ పట్టుకుని ఆడే చిన్న పిల్లలున్న ఇంట్లోనూ, ఒకదాని పట్టీ ఇంకొకటి కొరికే రెండు కుక్కలున్న ఇంట్లోనూ నేను దీన్ని ఎంచుకోను.

ఇప్పుడు ఆ 95 శాతం సంగతి. ఈ విషయంలో మన ఎండ ఏ మందుకూ తీసిపోదు. గాలిలో తేమ సగానికి తగ్గినా, వేడి 35 డిగ్రీలు దాటినా లార్వాలు బతకలేవు. మే నెలలో 40 దాటే తిరుపతి ఎండలో మిద్దె మీద పరిచిన గోనెపట్టలో అవి మిగలవు. అందుకే ఇక్కడ బెడద ఎండాకాలంలో సన్నగిల్లి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడిలో విజృంభిస్తుంది. కుక్క పడుకునే గుడ్డలను వారానికోసారి మరిగే నీళ్లలో ముంచి ఉతికి ఆరవేయాలి. మెట్ల కింద, సోఫా కింద, బండల సందుల్లో రోజూ చీపురుతో ఊడ్చి ఆ దుమ్మును ఇంటి బయట పారేయాలి. మా ఇంట్లో మూలకారణం మెట్ల కింద ముడిచి పెట్టిన ఒక పాత గోనెసంచి. దాన్ని ఎత్తినప్పుడు కింది దుమ్ములో ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి గుడ్లూ, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ సందుల్లోకి జారిన సన్నని తెల్ల పురుగులూ కనిపించాయి. చుక్కకు పోసిన మందులన్నీ ఆ సంచి ముందు ఓడిపోతూ వచ్చాయన్నమాట.

ఈ పోలికలో నా తీర్పు ఇంటిని బట్టి మారుతుంది. ఒక్క కుక్క ఉండి, స్నానాలు తక్కువగా ఉండే ఇంటికి మెథోప్రీన్ కలిసిన చుక్కల మందు మేలు. పిల్లి ఉన్న ఇంటికీ, తరచుగా తడిసే కుక్కకూ, గోమార్లు కూడా పట్టే పేరూరు, చంద్రగిరి వైపు తోటల ఇళ్లకూ మాత్ర మేలు. ఫిట్స్ చరిత్ర ఉంటే చుక్కలే. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలకు ఈ చుక్కలూ వద్దు, ఈ మాత్రలూ వద్దు. వాటికి కావలసినవి పేల దువ్వెన, దువ్విన ప్రతిసారీ ముంచడానికి సబ్బు నీళ్ల గిన్నె, ఓపిక. ఏది ఎంచుకున్నా ఇంట్లోని కుక్కలూ పిల్లులూ అన్నింటికీ, దేనికి తగిన మందు దానికి, ఒకేసారి వేయాలి, కనీసం మూడు నెలలు ఆపకూడదు. మొదటి నెలలో కొత్త ఫ్లీలు కనబడితే మందు పనిచేయలేదని మార్చేస్తారు చాలామంది; నిజానికి అవి గూళ్లలోంచి ఆలస్యంగా బయటికి వస్తున్నవి, అవి కుక్క ఎక్కి చచ్చేదాకా మందు అక్కడ ఉండాలి. కుక్క తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు; ఫ్లీని మింగడం వల్ల వచ్చేది కనుక దానికి వేరే మాత్ర అడగాలి.

మేము చుక్కల మందు, ఎండ, చీపురు ఎంచుకున్నాము. నెలకోసారి తెల్ల మేజోళ్లు తొడుక్కుని మెట్ల కింద పది నిమిషాలు అటూ ఇటూ నడుస్తాను, ఫ్లీలు ఉంటే అదురుకు లేచి తెలుపు మీద నల్లగా అంటుకుంటాయి. మొదటి నెల పదకొండు, రెండో నెల మూడు, మూడో నెల ఒకటి. నాలుగో నెల కూడా చుక్కకు మందు వేశాను.