సీసీ రోడ్డు పక్క ఫ్లాట్‌కి యూపీవీసీ కిటికీలు: ఏ చప్పుడు ఆగింది, ఏది ఆగలేదు

మాది రెండో అంతస్తు, కింద మెయిన్ రోడ్డు. తారు రోడ్డు ఉన్నన్నాళ్లూ వినిపించేది ఒకటే హోరు, దానికి చెవులు అలవాటు పడిపోయాయి. అది తవ్వేసి సీసీ వేశాక బండ్లేమీ పెరగలేదు గానీ ఇంట్లో అందరికీ నిద్ర కరువైంది. బండ్లు జారకుండా కాంక్రీటు మీద అడ్డంగా గీతలు గీస్తారు కదా, వాటి మీద టైర్లు పరిగెడితే జుయ్యిమని సన్నటి కూత వస్తుంది. దానికి తోడు పలకల మధ్య జాయింటు దాటినప్పుడల్లా టప్ టప్. పగలు ట్రాఫిక్ మెల్లగా కదులుతుంది కాబట్టి ఇంజన్లూ హారన్లే వినిపిస్తాయి, రాత్రి ఖాళీ రోడ్డు మీద స్పీడు 60 దాటితే మాత్రం టైర్ల చప్పుడిదే పైచేయి.

అందుకే బెడ్‌రూమ్‌లకి యూపీవీసీ కిటికీలు, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములవి, పెట్టించాం. షాపువాళ్లు ఎన్ని డెసిబెల్స్ తగ్గుతాయో చెబుతారు, ఏ చప్పుడు తగ్గుతుందో చెప్పరు. రోడ్డు మీద బండ్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే, చాలామంది చెవికి ఆ తేడా పెద్దగా తెలియదు. అదే ఆ హోరులోంచి ఒకే స్వరంలో కూత విడిగా వినిపిస్తే, మీటరులో అంకె అంతే ఉన్నా ప్రాణం తోడేస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, ఆ అంకెలోనూ కూతకీ హోరుకీ తేడా ఉండదు.

మేం స్లైడింగ్ వద్దని తలుపులా తెరుచుకునేవి తీసుకున్నాం, ఎందుకంటే స్లైడింగ్‌లో పట్టాల దగ్గర సందు ఉండిపోతుంది, వీటిలో రబ్బరు గ్యాస్కెట్ చుట్టూ గట్టిగా నొక్కుకుంటుంది. గ్లాసు లామినేటెడ్, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర. మూయగానే ఆ కూత దాదాపు పోయింది, నిజంగా ప్రాణం లేచొచ్చింది. లారీలు జాయింట్ల మీద ఎక్కి దిగే ధన్ ధన్ మాత్రం తగ్గిందే గానీ పోలేదు, ఆగి ఉన్న బస్సు గుడగుడ కూడా అంతే. బరువైన చప్పుళ్లని ఆపడం అద్దానికి కష్టం. మధ్యలో కాస్త ఖాళీ వదిలి పలచటి అద్దాలు రెండు పెట్టే డబుల్ గ్లేజింగ్ కూడా ఈ ధన్ ధన్ దగ్గర పెద్దగా పనిచేయదు, దాని పేరు చూసి మోసపోకండి.

ఫిట్టింగ్ విషయంలో గట్టిగా ఉండండి. మాకు బిగించినవాళ్లు ఫ్రేముకీ గోడకీ మధ్య ఫోమ్ కొట్టి వెళ్లిపోయారు, ఒక మూల చెవి పెట్టి వింటే అక్కణ్ణుంచే చప్పుడు లోపలికొస్తోంది. మళ్లీ పిలిపించి సిమెంటుతో పూడ్పించి సీలెంట్ వేయించాకే ఆ గది సర్దుకుంది.

కిటికీలు మూస్తే గాలి ఆడదు, ఏసీ తప్పదు, కాబట్టి వంటింటికి మేం పెట్టించలేదు. మొదట రోడ్డు వైపు బెడ్‌రూమ్ ఒక్కదానికే వేయించి, రాత్రి పదకొండు దాటాక విని చూసి, మిగతా గదుల సంగతి తేల్చుకోండి.