వాడిన ఎర్టిగా, ఆరుగురి కుటుంబం: కొన్నేళ్ల అనుభవం

రెండో బిడ్డ పుట్టిన తరువాత అమ్మానాన్నలు కూడా మా దగ్గరికే వచ్చేయడంతో ఐదుగురు పట్టే కారు మాకు చాలలేదు. కొత్త ఏడు సీట్ల బండి కొనే స్తోమత లేనందువల్ల, విజయవాడలో ఒకే యజమాని నడిపిన 2019 మోడల్ మారుతి ఎర్టిగా పెట్రోల్ మాన్యువల్ బండిని 2022లో తీసుకున్నాం. అప్పటి నుంచి మా ఇంట్లో అదొక్కటే కారు. ఇన్నాళ్ల వాడకంలో నాకు బాగా తెలిసివచ్చిన విషయం ఒకటుంది. ఏడు సీట్ల బండి కొనేవారు ఇంటిల్లిపాదినీ వెంట తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టి, మూడో వరుస ఎవరిదో, వాళ్ల వెనుక ఎంత సామాను పడుతుందో చూసుకున్న తరువాతే ధర గురించి మాట్లాడాలి.

అందరూ చెప్పినట్లే మేమూ మొదట ఇన్నోవా క్రిస్టా చూశాం. ఎంత తిరిగినా తట్టుకుంటుందన్న పేరు దానికి న్యాయంగానే వచ్చింది. అయితే ఆ పేరు వల్లనే పాతబడినా దాని ధర పెద్దగా దిగదు, మా డబ్బుకు వచ్చేవన్నీ విపరీతంగా తిరిగిన బండ్లే. రెనో ట్రైబర్ ధర అందుబాటులోనే ఉంది, మూడో వరుస సీట్లను ఊడదీసి ఇంట్లో పెట్టుకునే ఏర్పాటు కూడా నాకు నచ్చింది. కానీ ఒక లీటరు ఇంజనుతో నిండు బండిని ఘాట్ ఎక్కించడం కష్టమనిపించింది, పైగా సీట్లన్నీ వేస్తే వెనుక మిగిలేది 84 లీటర్ల చోటే. మారుతి వారిదే అయిన ఎక్స్‌ఎల్6 బాగున్నా అది ఆరుగురికే పరిమితం, చుట్టాలొస్తే ఏడో మనిషికి చోటుండదు.

2018 నవంబరులో వచ్చిన రెండో తరం ఎర్టిగాలో మధ్య వరుస సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు భాగం వాలుతుంది. మధ్య వరుసను కాస్త ముందుకు జరిపితే మూడో వరుసలో పిల్లలు హాయిగా కూర్చుంటారు. పెద్దవాళ్లు గుంటూరు దాకా సర్దుకోగలరు గానీ హైదరాబాదు దాకా కూర్చోలేరు, ఎందుకంటే అక్కడ సీటు నేలకు దగ్గరగా ఉండి మోకాళ్లు పైకి లేస్తాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను ఆ వరుసలో కూర్చోబెట్టే ఆలోచనే మేం చేయలేదు. చిన్నపిల్లల సీటును మధ్య వరుసలో డ్రైవరు వెనుక వైపు బిగించుకోవడం మంచిది. ఎడమ వైపు బిగిస్తే మధ్య సీటు మడవడానికి వీలుండదు, మూడో వరుసలోకి వెళ్లేవారు రోడ్డు వైపు తలుపు నుంచి ఎక్కాల్సి వస్తుంది. పైకప్పులోని ఏసీ మధ్య వరుసకు చక్కగా పనిచేస్తుంది, అయితే మే నెల ఎండల్లో ఆ చల్లదనం చివరి వరుసకు చేరడానికి కొంత సమయం పడుతుంది.

సామాను విషయంలో రాజీ తప్పదు. సీట్లన్నీ వేసినప్పుడు డిక్కీ 209 లీటర్లు, చివరి వరుస మడిస్తే 550 లీటర్లు. మేము ఆరుగురం ఊరికి వెళ్లేటప్పుడు చివరి వరుసలో ఒక సగం మడిచి సామాను పెడతాం, రెండో సగంలో పెద్ద పాప కూర్చుంటుంది. సీఎన్‌జీ రకం కొనాలనుకునేవారు ఇక్కడే ఆగి ఆలోచించుకోవాలి, ఎందుకంటే సిలిండరు ఉండేది సరిగ్గా ఆ డిక్కీలోనే.

1.5 లీటర్ల పెట్రోల్ ఇంజను 105 హార్స్‌పవర్ బలాన్నిస్తుంది, ఇంజను లోపల టైమింగ్ బెల్టుకు బదులు చైన్ ఉండటంతో ఆ బెల్టు మార్చే ఖర్చు లేదు. ఖాళీగా ఉన్నప్పుడు చురుగ్గా పోతుంది. అందరం ఎక్కి ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం రెండో గేరును వదలకుండా ఓపికగా నడపాలి. మైలేజీ హైవే మీద లీటరుకు 16, 17 కిలోమీటర్లు, విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో 11, 12 వస్తోంది. నిండు బండితో బయలుదేరే ముందు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద పూర్తి బరువుకు సూచించినంత గాలి టైర్లలో కొట్టించుకుంటే కుదుపులోనూ బ్రేకులోనూ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

భద్రత గురించి దాచకుండా చెప్పాలి. కార్లను ఢీకొట్టించి భద్రతను అంచనా వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2019లో చేసిన పరీక్షలో ఈ బండికి పెద్దలకూ పిల్లలకూ మూడేసి నక్షత్రాలు వచ్చాయి, బాడీ నిర్మాణాన్ని మాత్రం అస్థిరమని తేల్చారు. ఎయిర్‌బ్యాగులు ముందు రెండే. అందుకే మా బండిలో మూడో వరుస వాళ్లు కూడా బెల్టు పెట్టుకుంటే తప్ప తాళం తిప్పం. ఇంకాస్త ఎక్కువ పెట్టగలిగినవారు 2022లో వచ్చిన కియా కారెన్స్‌ను తప్పక చూడాలి, అందులో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఉన్నాయి.

మోడల్ కంటే ఆ ఒక్క బండి చరిత్ర ముఖ్యం. ఎర్టిగాలు ట్యాక్సీలుగా ఎక్కువ తిరుగుతాయి కాబట్టి, పసుపు ప్లేటు నుంచి తెలుపుకు మారిన బండి అవునో కాదో ఆర్‌సీ చరిత్రలో చూసుకోవాలి. మీటరులోని అంకెను సర్వీసు రికార్డుతో పోల్చి చూడాలి. పెడళ్ల రబ్బరు, స్టీరింగు తోలు అరిగిపోయి ఉండి మీటరు మాత్రం తక్కువ చూపిస్తుంటే ఆ బండిని వదిలేయడమే మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన తరువాత ఇంకో పరీక్ష తప్పనిసరయింది. సీటు బెల్టులను చివరి దాకా బయటికి లాగి బురద చారలున్నాయేమో, సీటు పట్టాల బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడాలి, మ్యాటు ఎత్తి వాసన పట్టాలి.

కాగితాల విషయంలో, బండిని మన పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకోవడంతో పాటు, రుణం ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో రుణం నమోదును తీసేయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. పెండింగు చలానాలు కూడా అమ్మేవారి చేతే కట్టించాలి. హైదరాబాదులో ఎంపికకు ఎక్కువ బండ్లు దొరికే మాట నిజమే గానీ, తెలంగాణ బండిని ఆంధ్రప్రదేశ్‌కు మార్చుకోవాలంటే అక్కడి రవాణా కార్యాలయం ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఆ మొత్తాన్ని ముందే ధరలో కలిపి లెక్కవేసుకోవాలి. బీమాను 14 రోజుల్లోగా మన పేరుకు మార్పించుకోవాలి. క్లెయిములు చేయనందుకు పాత యజమానికి ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయన వెంటే వెళ్తుంది కాబట్టి, ఆ తేడా ప్రీమియం మనమే కట్టాల్సి ఉంటుంది.