సెరీ ఓరోనా, 916 ఎస్‌పీఎస్సా? ఏది మేలు?

మ్యూనిక్‌లో ఉండే మా బావ మొన్న రాత్రి రెండు పాత ఇటాలియన్ బైకుల యాడ్లు పంపాడు. ఒకటి ఎంవీ అగుస్టా ఎఫ్4 750 సెరీ ఓరో, రెండోది డుకాటీ 916 ఎస్‌పీఎస్. "ఏది తీసుకోమంటావురా?" అని కింద ఒక్క ముక్క. ముందు నాకు కుళ్ళొచ్చింది, తర్వాత కూర్చుని ఆలోచించాను.

తమాషా ఏంటంటే ఈ రెండిటి వెనకా ఉన్నది ఒకే డిజైనర్, మాసిమో తంబురీని. 1994లో 916 వచ్చేనాటికి డుకాటీ కంపెనీ కాజీవా అనే ఇంకో ఇటాలియన్ బైకుల కంపెనీ చేతిలో ఉంది. 1996లో వాళ్ళు అందులో మెజారిటీ వాటా అమెరికా పెట్టుబడిదారులకి అమ్ముకున్నారు, తంబురీని మాత్రం ఆ పాత ఓనర్లతోనే ఉండిపోయి, వాళ్ళ చేతిలోనే ఉన్న ఎంవీ అగుస్టా పేరు మీద ఎఫ్4ని పూర్తి చేశాడు. కాబట్టి ఇది అన్నదమ్ముల పంచాయితీ.

సెరీ ఓరో చేసినవి 300 మాత్రమే. ఫెయిరింగ్ (బండి పైతొడుగు) కార్బన్ ఫైబర్, చక్రాలూ స్వింగార్మూ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) ఫ్రేమ్ పక్క ప్లేట్లూ మెగ్నీషియం, వాటి మీద బంగారు రంగు. సీటు కింద నాలుగు సైలెన్సర్ గొట్టాలు వరసగా ఉంటాయి చూడండి, దాని ముందు నిలబడితే బేరం ఆడటం మర్చిపోతాం. తిరకాసు కూడా ఆ మెగ్నీషియంలోనే ఉంది. తేమ తగిలితే ఆ లోహాన్ని తుప్పు తినేస్తుంది, బంగారు రంగు కింద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతుంది. స్వింగార్మ్ అడుగున, చైన్ ఆయిల్ చిందే చోట టార్చ్ వేసి చూడమన్నాను. అక్కడ పొక్కుంటే మళ్ళీ అదే పార్టు వెతకడం ఓ ఏడాది పని. పైగా ఎంవీ చేతులు మారుతూ వచ్చిన కంపెనీ, 2008లో హార్లే డేవిడ్‌సన్ కొని 2010లోనే వదిలించుకుంది.

ఎస్‌పీఎస్ సంగతి వేరు. పేరులో 916 ఉన్నా లోపల ఇంజిన్ 996 సీసీ, సూపర్‌బైక్ రేసులో ఆ పెద్ద ఇంజిన్ దింపాలంటే రూల్ ప్రకారం రోడ్డు బండిగానూ అమ్మాలి, అందుకే అమ్మారు. టైటానియం కనెక్టింగ్ రాడ్లు, డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునగని క్లచ్. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ లివర్ నొక్కితే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గలగలమంటుంది. తెలియనివాళ్ళు బండి పాడైందనుకుంటారు, తెలిసినవాళ్ళు దానికే డబ్బులిస్తారు. ఖర్చు లేకపోలేదు, బండి కదిలినా కదలకపోయినా రెండేళ్ళకోసారి టైమింగ్ బెల్టులు మార్చాలి, వాల్వులు సెట్ చేయడానికి డెస్మో (వాల్వుల్ని స్ప్రింగుతో కాకుండా మీటతో మూసే డుకాటీ పద్ధతి) తెలిసిన మెకానిక్ చెయ్యే కావాలి. కానీ 916 కుటుంబం బళ్ళు చాలానే అమ్ముడయ్యాయి కాబట్టి ఆ చెయ్యీ దొరుకుతుంది, మామూలు పార్టులూ దొరుకుతాయి. ఒక్కటే భయం, మామూలు 916కి స్టిక్కర్లేసి ఎస్‌పీఎస్ అని అంటగట్టేవాళ్ళుంటారు. హ్యాండిల్ దగ్గర బండి వరస నంబరు వేసిన చిన్న ప్లేటు, ఇంజిన్ నంబరు, కాగితాలు, మూడూ కలవాలి.

మధ్యలో డుకాటీదే ఇంకో బండి, డెస్మోసెడిచి ఆర్ఆర్ ఎలా ఉంటుందని బావ అడిగాడు. 1500 చేశారు, మోటోజీపీ రేసు బండికి అచ్చు తమ్ముడే, కానీ వెనక చక్రం 16 అంగుళాలది, టైరు కోసమే తిరగాల్సి వస్తుంది. వద్దన్నాను.

హైదరాబాద్ తెచ్చుకుందామనే ఆశ కూడా వద్దు. మూడేళ్ళు దాటిన సెకండ్ హ్యాండ్ బండిని మన దిగుమతి రూల్స్ ఒప్పుకోవు, ఇవి పాతికేళ్ళ నాటివి.

నా ఓటు ఎస్‌పీఎస్‌కే. సెరీ ఓరో కొంటే బావ దాన్ని బయటికి తీయడు, తీసినా వాన మొదలైతే గుండె దడ. ఎస్‌పీఎస్ మీద ఆదివారం పొద్దున్నే ఆల్ప్స్ వైపు వెళ్ళి రావచ్చు, నడుము నొప్పితోనే అనుకోండి. పెట్టిన డబ్బు వెనక్కి రావాలి, బండి నడపక్కర్లేదు అంటే మాత్రం సెరీ ఓరోనే, 300 అన్న అంకె ఇక పెరగదు. రెండిటికీ వెనక సీటు లేదు కాబట్టి మా అక్క ఓటు ఎటూ పడదు. బావ ఎస్‌పీఎస్ ఓనర్‌ని ఇంజిన్ నంబరు ఫొటో అడిగాడంట. అక్కకి ఇంకా చెప్పలేదు.